రెండు నెట్‌వర్క్ కార్డులు, రెండు డిఫాల్ట్ రూట్లు: కమాండ్ లైన్‌లో రూటింగ్ టేబుల్ సరిచేయడం ఎలా?

తీగలపందిరి

ఒకే లినక్స్ మెషీన్‌కి రెండు కార్డులున్నాయి. ఈథ్0 ఇంటర్నెట్ వైపు: అడ్రసు 192.168.1.20/24, గేట్‌వే (బయటికి పోయే మొదటి రౌటర్) 192.168.1.1. ఈథ్1 లోపలి నెట్‌వర్క్ వైపు: అడ్రసు 172.20.5.20/24, గేట్‌వే 172.20.5.1. ఆ గేట్‌వే వెనక 10.20.0.0/16లో సర్వర్లున్నాయి. రెండింటికీ అడ్రసు డీహెచ్‌సీపీ (అడ్రసులు తనంతట తానే పంచే ఏర్పాటు) ఇస్తోంది, కార్డులు నెట్‌వర్క్‌మేనేజర్ (లినక్స్‌లో కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రామ్) చేతిలో ఉన్నాయి.

ఈథ్1 కేబుల్ పెట్టి బూట్ చేస్తే సర్వర్లు అందుతున్నాయి, ఇంటర్నెట్ ఆగిపోతోంది. మరోసారి రీబూట్ చేస్తే తలకిందులుగా ఇంటర్నెట్ ఉంటుంది, సర్వర్లు ఉండవు. రెండూ ఒకేసారి నడవాలంటే ఏ కమాండ్లు ఏ వరసలో ఇవ్వాలి? రూటింగ్ టేబుల్ (ఏ అడ్రసుకి ఏ దారి అన్న పట్టిక) చూపే ఐపీ రూట్ షో ఇస్తున్నది ఇది (కమాండ్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను):

డిఫాల్ట్ వయా 172.20.5.1 డెవ్ ఈథ్1 ప్రోటో డీహెచ్‌సీపీ మెట్రిక్ 100
డిఫాల్ట్ వయా 192.168.1.1 డెవ్ ఈథ్0 ప్రోటో డీహెచ్‌సీపీ మెట్రిక్ 101
172.20.5.0/24 డెవ్ ఈథ్1 ప్రోటో కెర్నెల్ స్కోప్ లింక్ ఎస్‌ఆర్‌సీ 172.20.5.20 మెట్రిక్ 100
192.168.1.0/24 డెవ్ ఈథ్0 ప్రోటో కెర్నెల్ స్కోప్ లింక్ ఎస్‌ఆర్‌సీ 192.168.1.20 మెట్రిక్ 101

దారిలెక్క

జబ్బు మీరు పెట్టిన మొదటి రెండు లైన్లలోనే ఉంది. డిఫాల్ట్ రూట్లు (విడిగా దారి లేని అడ్రసులన్నిటికీ వాడేవి) రెండున్నాయి, మెట్రిక్ (దారికిచ్చే వరస అంకె) తక్కువున్నదే గెలుస్తుంది. ఇక్కడ 100 ఈథ్1ది కాబట్టి ఇంటర్నెట్‌కి వెళ్లాల్సిన ప్యాకెట్లన్నీ 172.20.5.1 దగ్గరికి పోతున్నాయి. అక్కడినుంచి బయటికి దారి లేదు.

రీబూట్‌కి రీబూట్‌కి మారడానికి కూడా కారణం ఇదే. నెట్‌వర్క్‌మేనేజర్ వైరు కనెక్షన్‌కి మామూలుగా 100 ఇస్తుంది, వైఫైకి 600. వైరు కార్డులు రెండుంటే ముందు లేచినదానికి 100, తర్వాత లేచినదానికి 101. ఏది ముందు లేస్తుందన్నది ప్రతి బూట్‌కీ మారొచ్చు. ఈథ్0 ముందు లేచిన రోజు ఇంటర్నెట్ ఉంటుంది. ఆ రోజు 10.20కి విడిగా రూట్ లేదు కాబట్టి ఆ ప్యాకెట్లు కూడా 192.168.1.1కే పోతాయి.

ఏదీ మార్చకముందు కెర్నెల్‌నే (ప్యాకెట్లకి దారి ఎంచే లినక్స్ మూలభాగాన్నే) అడగండి:

ఐపీ రూట్ గెట్ 10.20.3.4
ఐపీ రూట్ గెట్ 203.0.113.7

టేబుల్ మొత్తం కళ్లతో చదివి ఊహించడం కంటే ఇది నయం. ఫలానా అడ్రసుకి ఏ గేట్‌వే, ఏ కార్డు, ఏ సోర్స్ అడ్రసు వాడుతుందో కెర్నెల్ తానే చెబుతుంది. ప్రతి మార్పుకి ముందూ వెనకా ఈ రెండూ కొట్టి చూడండి.

ఇక సరిచేయడం:

సుడో ఐపీ రూట్ యాడ్ 10.20.0.0/16 వయా 172.20.5.1 డెవ్ ఈథ్1
సుడో ఐపీ రూట్ డెల్ డిఫాల్ట్ వయా 172.20.5.1 డెవ్ ఈథ్1

వరస ఇదే ఉండాలి. ముందు డిఫాల్ట్ తీసేస్తే, రెండో కమాండ్ కొట్టేదాకా సర్వర్లకి దారి ఉండదు. డెల్ డిఫాల్ట్ అని ఊరికే కొట్టొద్దు, వయా, డెవ్ రెండూ రాయండి. రాయకపోతే సరిపోలే వాటిలో మొదటిది, అంటే తక్కువ మెట్రిక్ ఉన్నది పోతుంది. అది ఈ రోజు ఈథ్1ది, రేపు బూట్ తర్వాత ఈథ్0ది కావచ్చు.

నల్లతెర

ఆ మెషీన్ ముందు కూర్చుని చేస్తుంటే సరే. ఎస్‌ఎస్‌హెచ్‌లో దూరం నుంచి చేస్తుంటే ముందు ఒక తాడు కట్టుకోండి:

సుడో సిస్టమ్‌డీ-రన్ --ఆన్-యాక్టివ్=120 --యూనిట్=వెనక్కి ఐపీ రూట్ రీప్లేస్ డిఫాల్ట్ వయా 192.168.1.1 డెవ్ ఈథ్0

ఇది కొట్టాక మార్పులు చేయండి. అన్నీ బాగుంటే 120 సెకన్లు గడవకముందే సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ వెనక్కి.టైమర్ కొట్టి రద్దు చేయండి. సెషన్ తెగిపోతే ఏమీ చేయక్కర్లేదు, రెండు నిమిషాల్లో పాత దారి తనంతట తానే పడుతుంది. మీరు ఏ దారిన లోపలికి వచ్చారో ఆ గేట్‌వేనే ఇందులో రాయాలి. ఈథ్1 వైపు నుంచి లాగిన్ అయ్యుంటే 192.168.1.1 రాసి లాభం లేదు.

దారిలెక్క

నల్లతెర గారి తాడు మంచిదే. ఒక్క సవరణ: రీప్లేస్ అన్న మాట చూసి పాత రూట్ పోయి కొత్తది వస్తుందనుకోవద్దు. కెర్నెల్ లెక్కలో ప్రిఫిక్స్‌తో (10.20.0.0/16 లాంటి గమ్యం అడ్రసుల గుంపుతో) పాటు మెట్రిక్ కూడా గుర్తింపులో భాగం. మెట్రిక్ రాయకుండా రీప్లేస్ కొడితే ఐపీవీ4లో మెట్రిక్ 0తో కొత్త డిఫాల్ట్ చేరుతుంది, 100, 101 ఉన్నవి అలాగే ఉంటాయి. 0 అన్నిటికంటే ముందు కాబట్టి మీకు దారి దొరుకుతుంది, ప్రాణం నిలుస్తుంది. కానీ పని అయ్యాక ఆ అదనపు లైన్‌ని చేత్తో తీసేయాలి:

సుడో ఐపీ రూట్ డెల్ డిఫాల్ట్ వయా 192.168.1.1 డెవ్ ఈథ్0 మెట్రిక్ 0

దాన్ని అలా వదిలేస్తే తర్వాత మీరు ఏ మెట్రిక్ మార్చినా ఏమీ మారనట్టే కనిపిస్తుంది.

నల్లతెర

నిజమే, కమాండ్ చివర మెట్రిక్ 101 అని చేర్చి ఉంటే ఉన్న లైన్ మీదే పడేది. అలాగే వాడండి.

తీగలపందిరి

దారిలెక్క గారూ, రెండు కమాండ్లూ ఇచ్చాను. ఇప్పుడు గెట్ ఇస్తున్నది:

10.20.3.4 వయా 172.20.5.1 డెవ్ ఈథ్1 ఎస్‌ఆర్‌సీ 172.20.5.20
203.0.113.7 వయా 192.168.1.1 డెవ్ ఈథ్0 ఎస్‌ఆర్‌సీ 192.168.1.20

రెండు వైపులా పింగ్ వెళ్తోంది. మెట్రిక్ గురించి ఒక సందేహం. రేపు 10.20.3.0/24 ఒక్కదాన్ని వేరే గేట్‌వే మీదుగా పంపాలంటే, దానికి 10.20.0.0/16 కంటే తక్కువ మెట్రిక్ ఇవ్వాలా?

చివరిమజిలీ

అక్కర్లేదు. చాలామంది తడబడేది ఇక్కడే. మెట్రిక్ పోలిక ఒకే ప్రిఫిక్స్ ఉన్న రూట్ల మధ్యే జరుగుతుంది. అంతకు ముందే పొడవైన ప్రిఫిక్స్ గెలిచేస్తుంది.

10.20.3.4కి ప్యాకెట్ వచ్చిందనుకోండి. టేబుల్లో 10.0.0.0/8, 10.20.0.0/16, 10.20.3.0/24, డిఫాల్ట్ ఉన్నాయి. ఈ అడ్రసు నాలుగింటికీ సరిపోతుంది. /8లో మొదటి 8 బిట్లు కలిశాయి, /16లో 16, /24లో 24, డిఫాల్ట్ అంటే /0, ఒక్క బిట్టూ చూడనిది. ఎక్కువ బిట్లు కలిసిన /24 గెలుస్తుంది. దాని మెట్రిక్ 5000 ఉన్నా, /16 మెట్రిక్ 0 ఉన్నా ఫలితం మారదు.

డిఫాల్ట్‌ని ముట్టుకోకుండానే మొత్తం ట్రాఫిక్‌ని వీపీఎన్‌లోకి (వేరే సర్వర్ దాకా వేసుకునే రహస్య టన్నెల్‌లోకి) మళ్లించే పద్ధతి దీని మీదే నిలబడింది. ఓపెన్‌వీపీఎన్‌లో రీడైరెక్ట్-గేట్‌వే డెఫ్1 అన్న ఆప్షన్ 0.0.0.0/1, 128.0.0.0/1 అని రెండు రూట్లు వేస్తుంది. రెండూ కలిస్తే మొత్తం ఐపీవీ4, రెండూ /0 కంటే పొడవు. వీపీఎన్ దిగిపోగానే ఆ రెండూ పోతాయి, పాత డిఫాల్ట్ చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. దీనికి తోడు వీపీఎన్ సర్వర్ అడ్రసుకి పాత గేట్‌వే మీదుగా ఒక /32 రూట్ ఉండి తీరాలి. అది లేకపోతే టన్నెల్ ప్యాకెట్లు టన్నెల్‌లోకే దూరి తిరుగుతాయి, కనెక్షన్ నిలబడదు.

పొద్దుటిషిఫ్ట్

10.20.3.7/24 అని రూట్ వేయబోతే ప్రిఫిక్స్ చెల్లదు అని తిప్పికొడుతోంది. మాస్క్ సరిగ్గానే ఉంది కదా?

దారిలెక్క

మాస్క్ సరే, అడ్రసులో హోస్ట్ బిట్లు (ఒక్క మెషీన్‌ని సూచించేవి) మిగిలాయి. /24 అంటే చివరి 8 బిట్లు సున్నా కావాలి: 10.20.3.0/24 అని రాయండి. ఆ ఒక్క మెషీన్‌కే కావాలంటే 10.20.3.7/32. పాత కెర్నెళ్లలో ఇదే తప్పుకి ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్ అని మాత్రమే వచ్చేది.

తరచూ ఎదురయ్యేవి ఇంకో మూడున్నాయి. ఫైల్ ఎగ్జిస్ట్స్ అంటే అదే ప్రిఫిక్స్, అదే మెట్రిక్‌తో రూట్ ఇప్పటికే ఉందని, ఫైళ్లతో దానికి సంబంధం లేదు. ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అంటే సుడో మరిచారని. నెక్స్ట్‌హాప్ హ్యాజ్ ఇన్వాలిడ్ గేట్‌వే అంటే మీరిచ్చిన గేట్‌వే ఏ కార్డుకీ నేరుగా అందే నెట్‌వర్క్‌లో లేదని. గేట్‌వే అంటే పక్కింటి గుమ్మం, ఒక్క అడుగులో చేరాలి. రెండు అడుగుల దూరంలో ఉన్న రౌటర్ అడ్రసు ఇస్తే కెర్నెల్ ఒప్పుకోదు. కొన్ని అద్దె సర్వర్లలో గేట్‌వే సబ్‌నెట్ బయట ఉన్నా అదే తీగ మీద ఉంటుంది. అక్కడ మాత్రం చివర ఆన్‌లింక్ అని చేరిస్తే తీసుకుంటుంది. మిగతాచోట్ల ఆన్‌లింక్ పెట్టి నోరు మూయిస్తే ప్యాకెట్లు ఏఆర్‌పీ (ఆ అడ్రసు ఏ కార్డుదని తీగ మీద అడిగే పద్ధతి) జవాబు కోసం ఎదురుచూస్తూ పోతాయి, ఐపీ నెయిబర్ షోలో ఆ గేట్‌వే పక్కన ఫెయిల్డ్ అని కనిపిస్తుంది.

తీగలపందిరి

కేబుల్ తీసి మళ్లీ పెట్టాను. ఈథ్1 డిఫాల్ట్ తిరిగొచ్చింది, 10.20 రూట్ పోయింది.

దారిలెక్క

ఐపీ రూట్ కమాండ్‌తో చేసినదంతా మెమరీలోని టేబుల్లోనే ఉంటుంది. కార్డు దిగితే ఆ కార్డు రూట్లన్నీ పోతాయి. మళ్లీ లేచినప్పుడు నెట్‌వర్క్‌మేనేజర్ తన లెక్క ప్రకారం వేస్తుంది, మీరు చేత్తో వేసినవి దానికి తెలియవు. కాబట్టి దానికే చెప్పాలి. ముందు ఎన్‌ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ షో కొట్టి ఈథ్1 కనెక్షన్ పేరు చూడండి. కార్డు పేరు, కనెక్షన్ పేరు ఒకటే అయ్యుండాలని లేదు. ఆ పేరు 'లోపలి' అనుకుంటే:

సుడో ఎన్‌ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ మాడిఫై లోపలి ఐపీవీ4.నెవర్-డిఫాల్ట్ యెస్
సుడో ఎన్‌ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ మాడిఫై లోపలి +ఐపీవీ4.రూట్స్ "10.20.0.0/16 172.20.5.1"
సుడో ఎన్‌ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ అప్ లోపలి

రెండో లైన్లో ప్లస్ గుర్తు తప్పనిసరి. అది లేకుండా రాస్తే అంతకు ముందున్న స్టాటిక్ రూట్లన్నీ కొట్టుకుపోయి ఇదొక్కటే మిగులుతుంది. మాడిఫై ఫైల్లో రాస్తుందే కానీ నడుస్తున్న కనెక్షన్‌ని ముట్టుకోదు, అందుకే మూడో లైన్. అప్ కొడితే కనెక్షన్ క్షణం సేపు తెగి లేస్తుంది. అది వద్దనుకుంటే ఎన్‌ఎమ్‌సీఎల్ఐ డివైస్ రీఅప్లై ఈథ్1 వాడండి.

నల్లతెర

నెట్‌ప్లాన్ (నెట్‌వర్క్ అమరికని ఫైల్లో రాసే పద్ధతి) ఉన్న సర్వర్లలో ఇదే పని ఈటీసీ కింద నెట్‌ప్లాన్ ఫోల్డర్లోని యామెల్ ఫైల్లో చేయాలి. కార్డు కింద రూట్స్ అని, దాని కింద టు: 10.20.0.0/16, వయా: 172.20.5.1. డీహెచ్‌సీపీ ఇచ్చే డిఫాల్ట్ వద్దంటే అదే కార్డు కింద డీహెచ్‌సీపీ4-ఓవర్‌రైడ్స్ పెట్టి యూజ్-రూట్స్: ఫాల్స్ అనాలి. గేట్‌వే4 అన్న పాత పదం ఇప్పుడు వద్దంటున్నారు, దాని బదులు టు: డిఫాల్ట్ రాయాలి. యామెల్‌లో ట్యాబ్ పనికిరాదు, స్పేసులే.

నెట్‌ప్లాన్ అప్లై బదులు నెట్‌ప్లాన్ ట్రై వాడమని గట్టిగా చెబుతాను. 120 సెకన్లలో మీరు ఎంటర్ కొట్టి ఒప్పుకోకపోతే పాత అమరికకి తనే వెనక్కి వెళ్లిపోతుంది. పైన కట్టిన తాడు ఇందులో ముందే ఉంది.

తీగలపందిరి

నెవర్-డిఫాల్ట్ పెట్టాను, కేబుల్ తీసి పెట్టినా నిలబడింది. కానీ వెబ్‌సైట్లు కొన్ని తెరుచుకోవడం లేదు. 203.0.113.7 లాంటి బయటి అడ్రసుకి గెట్ సరైన దారే చూపిస్తోంది, అంకెలతో పింగ్ వెళ్తోంది, పేరుతో వెళ్లడం లేదు.

చివరిమజిలీ

అంకెలతో వెళ్లి పేరుతో వెళ్లకపోతే రూటింగ్ పని అయిపోయినట్టే, చూడాల్సింది డీఎన్‌ఎస్ (పేరుని అడ్రసుగా మార్చేది). ఈథ్1 డీహెచ్‌సీపీ అడ్రసుతో పాటు తన డీఎన్‌ఎస్ సర్వర్‌ని కూడా ఇచ్చి ఉంటుంది, దానికి బయటి పేర్లు తెలియవు. రిసాల్వ్‌సీటీఎల్ స్టేటస్ కొడితే ఏ కార్డుకి ఏ సర్వరో కనిపిస్తుంది. లోపలి పేర్లు అక్కర్లేకపోతే ఐపీవీ4.ఇగ్నోర్-ఆటో-డీఎన్‌ఎస్ యెస్ పెట్టండి.

పొద్దుటిషిఫ్ట్

ఇదే అమరిక విండోస్‌లో ఎలా? రూట్ యాడ్ 10.20.0.0 172.20.5.1 కొడితే ఓకే అంటోంది, 10.20.3.4 మాత్రం అందడం లేదు.

కిటికీపక్క

మాస్క్ రాయలేదు కదా. విండోస్ రూట్ కమాండ్‌లో మాస్క్ వదిలేస్తే 255.255.255.255 అనుకుంటుంది. అంటే 10.20.0.0 అన్న ఒక్క అడ్రసుకే రూట్ పడింది. ఓకే అనడం కూడా అందుకే, దాని లెక్కలో తప్పేమీ లేదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో:

రూట్ డిలీట్ 10.20.0.0
రూట్ -పీ యాడ్ 10.20.0.0 మాస్క్ 255.255.0.0 172.20.5.1

-పీ ఉంటే రిజిస్ట్రీలో పర్సిస్టెంట్‌రూట్స్ అన్న కీ కింద చేరి రీబూట్ తర్వాత కూడా ఉంటుంది. లేకపోతే రీబూట్‌తో పోతుంది. తేడా రూట్ ప్రింట్ -4 అడుగున పర్సిస్టెంట్ రూట్స్ అన్న విభాగంలో చూడొచ్చు.

మెట్రిక్ విషయంలో విండోస్ లెక్క వేరు. ఇంటర్‌ఫేస్‌కి ఒక మెట్రిక్, రూట్‌కి ఒక మెట్రిక్ ఉంటాయి, రెండూ కూడితే వచ్చేదే అసలు మెట్రిక్. యాక్టివ్ రూట్స్ పట్టికలో కనిపించేది ఆ మొత్తం. మెట్రిక్ 10 అని ఇచ్చి పట్టికలో 35 కనిపిస్తే కంగారు పడొద్దు, మిగతా 25 ఇంటర్‌ఫేస్‌ది. ఇంటర్‌ఫేస్ మెట్రిక్‌ని విండోస్ లింక్ వేగాన్ని బట్టి తనే పెడుతుంది. దాన్ని పవర్‌షెల్‌లో మార్చొచ్చు:

గెట్-నెట్‌ఐపీఇంటర్‌ఫేస్
సెట్-నెట్‌ఐపీఇంటర్‌ఫేస్ -ఇంటర్‌ఫేస్‌ఇండెక్స్ 12 -ఇంటర్‌ఫేస్‌మెట్రిక్ 200

12 బదులు మొదటి కమాండ్‌లో మీ లోపలి కార్డుకి కనిపించిన అంకె వేయండి. 200 పెడితే ఆ కార్డు డిఫాల్ట్ వెనకబడుతుంది, 10.20 రూట్ పొడవైన ప్రిఫిక్స్ కాబట్టి దానికేమీ కాదు. లినక్స్‌లో ఐపీ రూట్ గెట్ చేసే పని ఇక్కడ ఫైండ్-నెట్‌రూట్ -రిమోట్‌ఐపీఅడ్రస్ 10.20.3.4 చేస్తుంది.

రెండు జాగ్రత్తలు. రూట్ -ఎఫ్ ఎప్పుడూ కొట్టొద్దు, గేట్‌వే ఉన్న రూట్లన్నీ ఊడ్చేస్తుంది. రూట్ డిలీట్‌లో నక్షత్రం గుర్తు పనిచేస్తుంది. 10.* అంటే 10తో మొదలయ్యేవన్నీ పోతాయి, కాబట్టి ముందు అదే గుర్తుతో రూట్ ప్రింట్ 10.* కొట్టి ఏవి పోతాయో చూసుకోండి.

వెండిమూత

మ్యాక్‌లో చూడటానికి నెట్‌స్టాట్ -ఆర్ఎన్, అడగడానికి రూట్ -ఎన్ గెట్ 10.20.3.4, వేయడానికి సుడో రూట్ -ఎన్ యాడ్ -నెట్ 10.20.0.0/16 172.20.5.1. పట్టికలో చివరి సున్నాలు రాయదు, 10.20/16 అని కనిపిస్తే అదే మీ రూట్.

నిలబడాలంటే నెట్‌వర్క్‌సెటప్ -సెట్‌అడిషనల్‌రూట్స్, ఆ తర్వాత సర్వీసు పేరు, 10.20.0.0 255.255.0.0 172.20.5.1. ఇది ప్రతిసారీ మొత్తం జాబితాని తిరిగి రాస్తుంది. రెండో రూట్ చేర్చాలంటే మొదటిదాన్ని కూడా కలిపి ఇవ్వాలి, లేకపోతే మొదటిది పోతుంది. ఉన్నవి చూడటానికి -గెట్‌అడిషనల్‌రూట్స్.

తీగలపందిరి

లినక్స్ మెషీన్‌లో ఇంకొకటి. లోపలి నెట్‌వర్క్‌లోనే 10.30.1.5 నుంచి 172.20.5.20కి ఎస్‌ఎస్‌హెచ్ చేస్తే టైమ్అవుట్. 10.20 నుంచి అయితే వస్తోంది. కార్డు మీది ప్యాకెట్లు చూపే టీసీపీడంప్ -ఎన్ఐ ఈథ్1లో ప్యాకెట్ రావడం కనిపిస్తోంది, జవాబు కనిపించడం లేదు.

చివరిమజిలీ

వచ్చే దారి ఒకటి, జవాబు పోయే దారి ఇంకొకటి. 10.30.1.5కి మీ టేబుల్లో రూట్ లేదు, కాబట్టి జవాబు డిఫాల్ట్ మీదుగా ఈథ్0లోంచి పోవాలి. ఈథ్0 మీద టీసీపీడంప్ పెట్టి చూడండి. అక్కడ 172.20.5.20 సోర్స్‌తో ప్యాకెట్లు బయటికి పోతుంటే ఇదే కారణం, అవతలి రౌటర్ వాటిని పారేస్తోంది.

అక్కడా ఏమీ లేకపోతే ఆర్‌పీ_ఫిల్టర్ (కెర్నెల్ చేసే తిరుగుదారి తనిఖీ) చూడండి:

సిస్‌సీటీఎల్ నెట్.ఐపీవీ4.కాన్ఫ్.ఆల్.ఆర్‌పీ_ఫిల్టర్ నెట్.ఐపీవీ4.కాన్ఫ్.ఈథ్1.ఆర్‌పీ_ఫిల్టర్

రెండింట్లో పెద్ద అంకె అమల్లో ఉంటుంది. ఈథ్1కి 0 పెట్టి ఆల్‌లో 1 ఉంటే 1 ఉన్నట్టే. 1 అంటే, ప్యాకెట్ పంపినవారికి తిరుగుదారి అదే కార్డు మీదుగా లేకపోతే ఆ ప్యాకెట్‌ని లోపలికే రానివ్వదు. 2 అంటే ఏదో ఒక కార్డు మీదుగా దారి ఉంటే చాలు. టీసీపీడంప్ ఈ తనిఖీకి ముందే ప్యాకెట్‌ని చూస్తుంది, అందుకే ప్యాకెట్ వచ్చినట్టు కనిపించినా ఎస్‌ఎస్‌హెచ్ దాకా చేరదు. ఎన్‌స్టాట్ -ఏజెడ్ టీసీపీఎక్స్ట్‌ఐపీరివర్స్‌పాత్‌ఫిల్టర్ కొట్టి, ఎస్‌ఎస్‌హెచ్ ఇంకోసారి ప్రయత్నించి, మళ్లీ కొట్టండి. అంకె పెరిగితే పడేసింది ఇదే.

దారిలెక్క

లోపలి నెట్‌వర్క్ మొత్తం 10తో మొదలయ్యేదే అయితే 10.20.0.0/16 బదులు 10.0.0.0/8 వేస్తే పని అయిపోతుంది. అదే తేలిక, అదే ముందు చేయండి. లోపలినుంచి ఏ అడ్రసు వస్తుందో ముందే తెలియని చోట మాత్రం పాలసీ రూటింగ్ కావాలి: ఎక్కడికి పోతోందో చూడకుండా, ఏ సోర్స్ అడ్రసుతో పోతోందో చూసి దారి ఎంచడం.

సుడో ఐపీ రూట్ యాడ్ 172.20.5.0/24 డెవ్ ఈథ్1 ఎస్‌ఆర్‌సీ 172.20.5.20 టేబుల్ 120
సుడో ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 172.20.5.1 డెవ్ ఈథ్1 టేబుల్ 120
సుడో ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 172.20.5.20 టేబుల్ 120 ప్రయారిటీ 1000

లినక్స్‌లో టేబుల్ ఒక్కటే లేదు. ఐపీ రూల్ షో కొడితే మామూలుగా మూడు లైన్లుంటాయి: 0 దగ్గర లోకల్, 32766 దగ్గర మెయిన్, 32767 దగ్గర డిఫాల్ట్. చిన్న అంకె నుంచి చూసుకుంటూ వస్తుంది. మీ 1000 మెయిన్ కంటే ముందు పడుతుంది. 172.20.5.20 నుంచి బయల్దేరే జవాబులు టేబుల్ 120కి పోతాయి, మిగతావి మెయిన్‌కే.

మొదటి లైన్ అనవసరమనిపించి చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే అదే స్విచ్ మీద పక్కనున్న 172.20.5.30కి జవాబు కూడా గేట్‌వే చుట్టూ తిరిగి వెళ్తుంది. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే అక్కడ తెగుతుంది.

సరిచూడటానికి: ఐపీ రూట్ గెట్ 10.30.1.5 ఫ్రమ్ 172.20.5.20. ఫ్రమ్ రాయకుండా అడిగితే ఇంకా ఈథ్0 అనే చెబుతుంది, అది తప్పు కాదు. ఆర్‌పీ_ఫిల్టర్ కూడా తన తనిఖీలో ఈ రూల్‌ని చూస్తుంది, కాబట్టి 1 ఉన్నా ఇక అడ్డు రాదు. దాన్ని 0 చేసి వదిలేయాల్సిన పని లేదు. నిలబెట్టడానికి ఎన్‌ఎమ్‌సీఎల్ఐలో రూట్ చివర టేబుల్=120 అని, రూల్‌ని ఐపీవీ4.రూటింగ్-రూల్స్‌లో రాయాలి.

నల్లతెర

ఆ మెషీన్‌లో డాకర్ (ప్రోగ్రాముల్ని విడివిడి కంటైనర్లలో నడిపేది) ఉందా? డాకర్ మొదటి బ్రిడ్జ్ (మెషీన్ లోపలే సృష్టించే నెట్‌వర్క్) 172.17.0.0/16. తర్వాత సృష్టించే నెట్‌వర్కులు 172.18, 172.19, 172.20 అంటూ /16 చొప్పున తీసుకుంటాయి. ఈథ్1 దిగి ఉన్నప్పుడు ఒక నెట్‌వర్క్ సృష్టిస్తే 172.20.0.0/16 దానికి దక్కవచ్చు. అప్పుడు 172.20.5.x మీ /24 వల్ల బతుకుతుంది కానీ, గేట్‌వే వెనక 172.20.9.x ఉంటే ఆ ప్యాకెట్లు డాకర్ బ్రిడ్జ్‌లోకి పోయి మాయమవుతాయి. ఐపీ రూట్ గెట్ 172.20.9.1 కొడితే బీఆర్-తో మొదలయ్యే పేరు కనిపిస్తుంది. డాకర్ డీమన్.జేసన్ ఫైల్లో డిఫాల్ట్-అడ్రస్-పూల్స్ పెట్టి దాన్ని వేరే చోటికి పంపండి. పాత నెట్‌వర్కులు వాటంతట అవి మారవు, తీసేసి మళ్లీ సృష్టించాలి.

పొడుగుఅడ్రసు

ఐపీవీ6 (కొత్త, పొడవైన అడ్రసుల పద్ధతి) సంగతి ఎవరూ ఎత్తలేదు. పైన చేసినవన్నీ ఐపీవీ4కే వర్తిస్తాయి, ఐపీవీ6 టేబుల్ వేరు: ఐపీ -6 రూట్ షో. గేట్‌వే సాధారణంగా ఎఫ్ఈ80తో మొదలయ్యే లింక్ లోకల్ అడ్రసు. అది ప్రతి కార్డు మీదా ఉండొచ్చు కాబట్టి డెవ్ తప్పకుండా రాయాలి. మెట్రిక్ రాయకపోతే ఇక్కడ 0 కాదు, 1024 పడుతుంది.

ఆ మెషీన్‌ని రౌటర్‌గా వాడదామని ఐపీవీ6 ఫార్వర్డింగ్ 1 చేస్తే, రౌటర్ ప్రకటనల్ని కెర్నెల్ వినడం మానేస్తుంది, వాటి ద్వారా వచ్చిన డిఫాల్ట్ రూట్ పోతుంది. యాక్సెప్ట్_ఆర్ఏని 2 చేస్తే ఫార్వర్డింగ్ ఉన్నా వింటుంది. ఇది కెర్నెల్ తనే ప్రకటనలు వినే కార్డుల మాట.

తీగలపందిరి

10.0.0.0/8 వేసి, పాత /16 తీసేశాను. 10.30.1.5 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ వస్తోంది. ఆర్‌పీ_ఫిల్టర్ ఆల్‌లో 1 ఉంది, కౌంటర్ ఇప్పుడు పెరగడం లేదు. డాకర్ లేదు. ఇక రీబూట్ చేయకుండా ఇదంతా నిలబడుతుందో లేదో చూడటానికి దారి ఉందా?

దారిలెక్క

రెండు టెర్మినళ్లు తెరవండి. ఒకదానిలో ఐపీ మానిటర్ రూట్ కొట్టి వదిలేయండి. రెండోదానిలో సుడో ఎన్‌ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ డౌన్ లోపలి, కాసేపాగి సుడో ఎన్‌ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ అప్ లోపలి. ఈ సెషన్ ఈథ్0 వైపు నుంచే ఉండాలి.

డౌన్ కొట్టగానే మొదటి టెర్మినల్లో డిలీటెడ్ అన్న మాటతో ఈథ్1 లైన్లు ఒక్కొక్కటే రాలతాయి. అప్ కొట్టాక 172.20.5.0/24, ఆ తర్వాత 10.0.0.0/8 వయా 172.20.5.1 తిరిగి రావాలి. డిఫాల్ట్ వయా 172.20.5.1 అన్న లైన్ ఒక్కసారి కూడా కనిపించకూడదు. కనిపిస్తే నెవర్-డిఫాల్ట్ వేరే కనెక్షన్ పేరు మీద పడిందన్నమాట. ఒకే కార్డుకి రెండు ప్రొఫైళ్లుంటే అలా జరుగుతుంది. ఎన్‌ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ షో --యాక్టివ్‌లో ఈథ్1 పక్కనున్న పేరు చూసి, మార్పులన్నీ దానికే చేయండి, రెండోదానికి కనెక్షన్.ఆటోకనెక్ట్ నో పెట్టండి.